దాచినది నిలవాలంటే

(బిలాస్‌పూర్ రైల్వే పట్టణంలోని తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బిలాస్‌పూర్ అన్నది నిజానికి రెండు ఊళ్ళు. ఒకటి అర్పా నది ఒడ్డున తరతరాలుగా ఉన్న ఛత్తీస్‌గఢీ ఊరు. రెండవది రైలు పట్టాల వెంట పుట్టి, పట్టాలతోపాటే పెరిగిన రైల్వే పట్టణం. మొదటి ఊరిలోని కుటుంబానికి తన పూర్వుల సంగతి పొలం చెబుతుంది, ఇల్లు చెబుతుంది, గ్రామదేవత గుడి చెబుతుంది. రెండవ ఊరిలోని కుటుంబానికి అట్టి సాక్ష్యం లేదు. ఉండే క్వార్టరు ప్రభుత్వానిది. పదవీ విరమణతో అది చేజారుతుంది. పూర్వుల ఊరు వందల మైళ్ళ దూరాన ఉన్నది. కనుక రైల్వే కుటుంబపు చరిత్రలో అధికభాగం కాగితాలలోనే ఉంటుంది.

ఆ కాగితాలు ఇప్పుడు కంప్యూటరులోనికి, చేతిఫోనులోనికి చేరుతున్నవి. అట్లు చేరినవి నిలుస్తాయా? నిలవాలంటే ఏమి చేయాలి? ఆ సంగతి సాంకేతిక విద్యతో పరిచయం లేనివారికి ఏ మాటలలో చెప్పాలి? ఈ మూడు ప్రశ్నలే నేటి ప్రసంగ విషయం.

నాలుగు పేర్లు, ఒకే పెట్టె

1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఏర్పడినది. నాగపూర్ నుండి రాజ్‌నంద్‌గావ్ వరకు అప్పటికే ఉన్న మీటర్ గేజి మార్గాన్ని బ్రాడ్ గేజిగా మార్చి, దానిని బిలాస్‌పూర్ మీదుగా ఆసన్‌సోల్ వరకు పొడిగించడం ఆ కంపెనీ చేపట్టిన పని. 1891 నాటికి ఆ మార్గం పూర్తయినది. 1902లో వాల్తేరు నుండి కటకం వైపు సాగే తూర్పు కోస్తా రైలుమార్గపు ఉత్తరభాగం కూడా ఆ కంపెనీ ఆధీనంలోనికి వచ్చినది. 1931 నాటికి విజయనగరం–రాయపూర్ మార్గం కూడా పూర్తయి, కళింగాంధ్రకు, ఛత్తీస్‌గఢ్‌కు మధ్య కొండలలో నుండి నేరుగా బాట ఏర్పడినది.

ఈ మార్గాల వెంటనే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి తెలుగువారు ఖరగ్‌పూర్‌కు, బిలాస్‌పూర్‌కు, నాగపూర్‌కు పనికై వెళ్ళారు. గ్యాంగుమన్లుగా, ఫైర్‌మన్లుగా, ఫిట్టర్లుగా, గుమాస్తాలుగా స్థిరపడినారు. 1927లో ఖరగ్‌పూర్‌లో బి.ఎన్.ఆర్. కార్మికులు సాగించిన సమ్మెకు నాయకత్వం వహించిన వి.వి. గిరి 1969లో భారత రాష్ట్రపతి పదవిని అలంకరించిన సంగతి సభాసదులకు విదితమే.

1944లో ఆ కంపెనీ రైల్వేను ప్రభుత్వం తన ఆధీనంలోనికి తీసుకొన్నది. 1952లో అది తూర్పు రైల్వేలో భాగమైనది. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడినది. 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే అవతరించినది. కనుక ఇక్కడి తెలుగు కుటుంబపు రేకుపెట్టె తెరిస్తే ఒకే ఇంటి కాగితాలపై నాలుగు సంస్థల పేర్లు కనిపించవచ్చును. తాతగారి నియామకపత్రం మీద ఒక పేరు, తండ్రిగారి ప్రావిడెంట్ ఫండు చీటీ మీద మరొక పేరు, కుమారుని గుర్తింపుకార్డు మీద ఇంకొక పేరు. సంస్థల పేర్లు మారినవి, ముద్రలు మారినవి. కాని కాగితం మాత్రం నాడు ఎట్లు చదవవచ్చునో నేడును అట్లే చదవవచ్చును. కాగితానికి గల ఈ సుగుణాన్ని గుర్తించిన తరువాతనే కంప్యూటరు సంగతి మాట్లాడవలసి ఉన్నది.

ఈ పాత కాగితాలు జ్ఞాపకచిహ్నాలు మాత్రమే కావు. కుటుంబ పింఛనుకు సేవాకాలపు ఆధారం కావలెను. షెడ్యూల్డు కులాలకు, తెగలకు సంబంధించిన రాష్ట్రపతి ఉత్తర్వులు 1950లో వెలువడినవి. ఆ కులాల ధ్రువపత్రం కోరేవారిని ఆనాటికి తమ కుటుంబం ఏ ప్రాంతంలో నివసించినదో ఆధారం చూపమనడం పరిపాటి. రైల్వే నియామకపత్రం, క్వార్టరు కేటాయింపు ఉత్తర్వు, పాఠశాల రిజిస్టరు నకలు వంటి ఒక్క కాగితంపై మనుమరాలి కళాశాల ప్రవేశమో, మనుమని ఉద్యోగమో ఆధారపడి ఉండవచ్చును. కాగితం పోయినప్పుడు పోయేది గతం ఒక్కటే కాదు.

‘భద్రం’ అన్న మాట

కాగితానికి చెదలు శత్రువు, వాన శత్రువు. బిలాస్‌పూర్ ఎండలు వేసవిలో 45 డిగ్రీలు దాటడం అరుదు కాదు. ఆ వెనువెంటనే ముసురు పడుతుంది. అట్టి వాతావరణంలో పాత కాగితం పెళుసుబారుతుంది, ఫోటోలు ఒకదానికొకటి అతుక్కొంటవి, క్యాసెట్టు టేపు బూజు పడుతుంది. కనుక వాటిని ఫోటో తీసి కంప్యూటరులో ఎక్కించడం మంచి పనే. అయితే ఆ పని ముగిసిన మరుక్షణం మనసులో ఒక భ్రమ పుడుతుంది: ‘ఇక భయం లేదు, ఎక్కించివేసినాము’ అని.

ఈ భ్రమకు మాటయే కొంత కారణం. కంప్యూటరు తెరపై ఒక మీట నొక్కితే పత్రం నిలువ అవుతుంది. ఆ మీటకు తెలుగులో ‘భద్రపరచు’ అని పేరు పెట్టారు. మీట నొక్కగానే వస్తువు భద్రమైనదన్న నమ్మకం మాటతోపాటే కలుగుతుంది. హిందీలో అదే మీటకు ‘సహేజ్‌నా’ అన్న క్రియను వాడుతున్నారు. ఆ క్రియలో మూడు అర్థాలు ఇమిడి ఉన్నవి: వస్తువును చక్కగా పరిశీలించడం, జాగ్రత్తగా సంభాళించడం, చెప్పవలసినదంతా చెప్పి మరొకరికి అప్పగించడం. కూతురిని అత్తవారింటికి పంపేటప్పుడు తల్లి సామాను సర్దే తీరులో ఈ మూడు పనులూ కనిపిస్తవి. తెలుగు మాట ఫలితాన్ని చెబుతున్నది. హిందీ మాట శ్రమను చెబుతున్నది. డిజిటల్ పరిరక్షణ అనబడే శాస్త్రం యావత్తు ఆ శ్రమకు సంబంధించినదే.

పూర్వం వస్తువు నిర్లక్ష్యాన్ని సైతం కొంతవరకు ఓర్చుకొనేది. తాళ్ళపాక అన్నమాచార్యుల సంకీర్తనలను ఆయన వంశీయులు రాగిరేకులపై చెక్కించారు. తిరుమల ఆలయంలోని అరలో అవి కొన్ని శతాబ్దాలు మరుగున పడి ఉండి, 20వ శతాబ్దంలో తిరిగి వెలుగు చూచినవి. రేకు బయటపడగానే పండితుడు తన కళ్ళతోనే దానిని చదవగలిగినాడు. మధ్యకాలంలో ఎవరూ దానిని తాకకపోయినను నష్టం లేకపోయినది. తాటాకుది వేరు కథ. దానికి పురుగు పడుతుంది, ఆకు విరుగుతుంది. కనుక ప్రతి రెండు మూడు తరాలకు ఒకసారి మరల ఎత్తివ్రాయవలసి వచ్చేది. 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ దొర సొంత సొమ్ము వెచ్చించి పండితుల చేత, లేఖకుల చేత తాళపత్ర గ్రంథాలకు ప్రతులు వ్రాయించకుండినట్లయితే ఎన్ని కావ్యాలు నశించి ఉండేవో ఊహించవచ్చును.

డిజిటల్ వస్తువు రాగిరేకు వంటిది కాదు, తాటాకు వంటిది. అంతకంటెను సుకుమారమైనది. హార్డ్‌డిస్కును ఐదారేళ్ళకు మించి నమ్మరాదని నిపుణులు చెబుతారు. చిన్న పెన్‌డ్రైవులను విద్యుత్తు సోకకుండా ఏళ్ళ తరబడి బీరువాలో ఉంచితే అందలి సమాచారం క్రమంగా చెరిగిపోవచ్చును. తాటాకుపై పురుగు కంటికి కనిపిస్తుంది. కాగితం పసుపుబారడం కనిపిస్తుంది. డిజిటల్ పత్రానికి కలిగిన చేటు దానిని తెరవబోయిన నాడు మాత్రమే తెలుస్తుంది. సామాన్యునికి నచ్చజెప్పవలసిన మొదటి సంగతి ఇదియే.

రైల్వేవారికి తెలిసిన పాఠాలు

నిపుణులు ఈ విషయాన్ని తమ పరిభాషలో చెబుతారు. ఫార్మాట్ అంటారు, మైగ్రేషన్ అంటారు, మెటాడేటా అంటారు, చెక్‌సమ్ అంటారు. వినేవారు మర్యాదకు తల ఊపి ఇంటికి పోతారు. అయితే ఈ రైల్వే పట్టణంలో ఆ నాలుగు మాటలకు నాలుగు అనుభవాలు ఇదివరకే ఉన్నవి.

మొదటిది గేజి. మీటర్ గేజి పట్టాల మధ్య దూరం 1,000 మిల్లీమీటర్లు. బ్రాడ్ గేజికి 1,676 మిల్లీమీటర్లు. బోగీ ఎంత గట్టిదైనను, అందలి సరుకు ఎంత విలువైనదైనను, గేజి మారిన చోట అది ఒక్క అడుగు ముందుకు సాగదు. సరుకును దింపి మరొక బోగీలోనికి ఎక్కించవలసినదే. అట్లు ఎక్కించేటప్పుడు కొన్ని మూటలు చిరుగుతవి, కొన్ని కుండలు పగులుతవి. కంప్యూటరులో పత్రాన్ని వ్రాసి ఉంచిన పద్ధతియే ఫార్మాట్. అది గేజి వంటిది. యంత్రం మారితే పాత గేజి బండి నడవదు. సరుకును సకాలంలో కొత్త గేజి బండిలోనికి మార్చడమే మైగ్రేషన్. పాత బండి కదలగల స్థితిలో ఉన్నప్పుడే ఆ పని చేయాలి; పట్టాలు పెరికివేసిన తరువాత చేయబూనడం కష్టం.

రెండవది చీటీ. గూడ్సు వ్యాగనుకు ఎక్కడ నుండి ఎక్కడికి పోవలెనో తెలిపే లేబులు ఉండేది. పార్సెలుపై గుర్తు వ్రాయకపోతే అది యజమానిని చేరదు. ఎంత భద్రంగా ఉన్నను పోయిన సామాను గదిలోనే పడి ఉంటుంది. ఫోనులోని వేల ఫోటోలు అట్టి చీటీ లేని మూటలే. ఎవరిది, ఎప్పటిది, ఎక్కడిది అన్న మూడు మాటలు దానితో జతపరచడమే మెటాడేటా.

మూడవది ప్రైవేట్ నంబరు. బండి వస్తున్నదని స్టేషన్ మాస్టరు టెలిఫోనులో గేటు కాపలాదారుకు చెబుతాడు. గేటు మూసిన పిదప అతడు తన వద్ద ఉన్న జాబితా నుండి ఒక అంకె చెబుతాడు. ఆ అంకె రిజిస్టరులో నమోదు అవుతుంది. ‘సరే’ అన్న మాట చాలదు. సాక్ష్యంగా అంకె కావలెను. కంప్యూటరులోను ప్రతి పత్రానికి ఒక సాక్షి అంకెను లెక్కకట్టవచ్చును. పత్రంలో ఒక్క అక్షరం మారినను ఆ అంకె మారుతుంది. ప్రైవేట్ నంబరు ముందే అచ్చువేసిన జాబితాలోనిది. ఈ అంకె పత్రంలోని విషయం నుండి పుట్టినది. తేడా అంతే. ఏటేటా ఆ అంకెను సరిచూచుకొంటే పత్రం చెక్కుచెదరలేదని తెలుస్తుంది. చెక్‌సమ్ అంటే ఇదియే.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది, కీమన్ నడక. పట్టాలు వేయడం ఒక్కసారి జరిగే పని. ఆనాడు రిబ్బను కత్తిరిస్తారు, ఫోటోలు తీస్తారు. అటు తరువాత ప్రతిదినమూ సుత్తి భుజాన వేసుకొని, తన హద్దులోని పట్టా పొడవునా నడచి, వదులైన తాళాలను బిగించే కీమన్ సంగతి ఎవరికీ తెలియదు. జరగని ప్రమాదానికి పత్రికలలో వార్త ఉండదు. డిజిటల్ పరిరక్షణకు గల పెద్ద చిక్కు ఇదియే. స్కానింగు చేయడం రిబ్బను కత్తిరించడం వంటిది. దానికి నిధులు దొరుకుతవి, సభలు జరుగుతవి. అటు పిమ్మట జరగవలసిన నిత్య సంరక్షణ సక్రమంగా జరిగితే ఎవరికంటా పడదు. కనుక దానికి డబ్బు అడగడం కష్టం, ఇవ్వడం ఇంకా కష్టం. కీమన్ లేని పట్టాపై బండి నడపడానికి ఒప్పుకోని రైల్వే పట్టణానికి ఈ సంగతి వివరించడం కష్టం కాకూడదు.

లోకంలో జరిగినవి

ఇవి ఊహించి చెప్పిన భయాలు కావు. ఇంగ్లండులో 1086లో భూములను, గ్రామాలను లెక్కకట్టించి డూమ్స్‌డే గ్రంథం వ్రాయించారు. దాని 900వ వార్షికోత్సవం సందర్భంగా 1986లో బి.బి.సి. సంస్థ అట్టి సమాచారాన్నే కొత్తగా సేకరించినది. వేలాది పాఠశాలల బాలబాలికలు తమ ఊళ్ళను గురించి వ్రాసి పంపారు. పది లక్షల మందికి పైగా అందులో పాలుపంచుకొన్నారు. ఆ సమాచారాన్ని నాటి నవీన సాధనమైన లేజర్ డిస్కులపై ఎక్కించారు. పదిహేనేళ్ళు తిరగకుండానే ఆ డిస్కులను చదివే యంత్రాలు దొరకడం గగనమైనది. 2002 ప్రాంతంలో లీడ్స్, మిచిగన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు పాత యంత్రాన్ని అనుకరించే ఏర్పాటు చేసి ఆ సమాచారాన్ని తిరిగి చూడగలిగినారు. తొమ్మిది శతాబ్దాల నాటి మూలగ్రంథం మాత్రం ఏ యంత్రమూ లేకుండానే నేటికీ చదవదగి ఉన్నది.

యంత్రాలు అంతరించడం ఎవరి ఇంటికీ కొత్త కాదు. 2011లో సోనీ కంపెనీ ఫ్లాపీల తయారీ ఆపివేసినది. 2016లో జపానులోని ఫునాయ్ కంపెనీ వీడియో క్యాసెట్టు యంత్రాల తయారీకి స్వస్తి చెప్పినది. 2019లో యునెస్కో మరియు ధ్వని గ్రంథాలయాల అంతర్జాతీయ సంఘం కలిసి టేపులను గురించి ఒక హెచ్చరిక కార్యక్రమం చేపట్టినవి. టేపులను ఆడించే యంత్రాలు, వాటిని మరమ్మతు చేయగల చేతులు 2025 నాటికి దుర్లభమవుతాయని నిపుణులు అందులో ఆందోళన వెలిబుచ్చారు. 1980 దశకంలోని పెళ్ళి వీడియోలు, బుర్రకథల క్యాసెట్లు, అమ్మమ్మ పాడిన మంగళహారతులు ఇంకను అటకపై ఉన్న ఇళ్ళకు ఆ గడువు ముగిసినదనే చెప్పాలి. అయినను ఈ పనికి ఆలస్యమైనదని మానుకోవడం కంటె ఆలస్యంగానైనా పూనుకోవడమే మేలు.

తెలుగు అక్షరాల కథ మరింత దగ్గరిది. 1991లో యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకు చోటు దక్కినది. కాని 1990 దశకంలోను, అటు తరువాత చాలా ఏళ్ళు అచ్చుపనిలో అను ఫాంట్ల వంటివి రాజ్యమేలినవి. ఒక్కొక్క పత్రిక తన సొంత ఫాంటు వాడేది. ఆ పద్ధతిలో కంప్యూటరుకు తెలిసేది తెలుగు అక్షరం కాదు; ఇంగ్లీషు అక్షరపు స్థానంలో గీసిన తెలుగు బొమ్మ మాత్రమే. ఆ ఫాంటు లేని యంత్రంలో పత్రం తెరిస్తే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తవి. తెలుగు సంఘాల ఉగాది ప్రత్యేక సంచికలు, వెండి పండుగ సంచికలు ఆ కాలంలో ఇట్లే కూర్చబడినవి. సంచిక అచ్చుప్రతి ఒక్కటి మిగిలి ఉంటే అదృష్టం. సి.డి. మాత్రమే మిగిలి ఉంటే దానిని యూనికోడ్‌లోనికి మార్చేవారిని వెదకవలసినదే. ‘పద్మ’ వంటి మార్పిడి సాధనాలను స్వచ్ఛంద సేవకులు తయారుచేసి ఉచితంగా అందించారు. రెండు గేజిల మధ్య సరుకు మార్చిన కూలీల వంటి పుణ్యమూర్తులు వారు.

భారత డిజిటల్ గ్రంథాలయం కథలో హెచ్చరికయు, ఊరటయు రెండూ ఉన్నవి. ట్యూరింగ్ పురస్కారం పొందిన తెలుగు శాస్త్రవేత్త రాజ్ రెడ్డి ప్రోత్సాహంతో, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, హైదరాబాదులోని ఐ.ఐ.ఐ.టి. వంటి సంస్థల కృషితో 2000 తరువాత వేలాది తెలుగు గ్రంథాలు స్కాను చేయబడినవి. 2017 ప్రాంతంలో ఆ వెబ్‌సైటు పాఠకులకు అందకుండా పోయినది. అయితే ఆ గ్రంథాల ప్రతులను ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే మరొక చోట ఉంచడం వలన అవి నేటికీ లభిస్తున్నవి. మూలసూచికలో తెలుగు పుస్తకాల పేర్లు ఇంగ్లీషు అక్షరాలలో అస్తవ్యస్తంగా పడినందున పుస్తకం ఉండి కూడా వెదికేవారికి దొరకేది కాదు. తెలుగు వికీపీడియా, వికీసోర్స్ సేవకులు ఓర్పుతో వాటికి సరైన పేర్లతో జాబితాలు కూర్చారు. రెండవ ప్రతి, సరైన చీటీ అనే రెండు సూత్రాలు ఇక్కడ రుజువైనవి.

చెప్పే తీరు

ఈ విషయాన్ని ప్రజలకు చెప్పబూనేవారు మూడు పొరపాట్లకు లోనుకాకూడదు.

భయపెట్టడం మొదటిది. ‘డిజిటల్ చీకటి యుగం’ రాగలదని ఇంటర్నెట్ నిర్మాతలలో ఒకరైన వింట్ సెర్ఫ్ 2015లో హెచ్చరించారు. శాస్త్రజ్ఞుల సభలో ఆ మాట ఆలోచన రేపుతుంది. ఇంట్లోని పెద్దవారి ముందు అదే మాట అంటే ‘అన్నీ పోయేవే అయితే ఈ శ్రమ ఎందుకు’ అన్న నిస్పృహ కలుగుతుంది. భయంతోపాటు చేయదగిన ఒక చిన్న పనిని కూడా చెప్పాలి.

శాశ్వతమని మాట ఇవ్వడం రెండవది. ‘క్లౌడ్‌లో పెట్టండి, ఇక చింత లేదు’ అని యువకులు ఇంట్లోవారికి చెబుతుంటారు. క్లౌడ్ అంటే మేఘం కాదు. ఎక్కడో ఎవరిదో ఒక యంత్రం. రెండేళ్ళు వాడని ఖాతాలను తొలగించవచ్చునని గూగుల్ సంస్థ 2023లో ప్రకటించినది. ఖాతా తెరచిన తాతగారు కాలం చేస్తే, సంకేతపదం మరెవరికీ తెలియకపోతే, ఆ ఫోటోల గతి ఏమిటో చెప్పనక్కరలేదు. వాట్సప్‌లో పంపిన ఫోటో సాధారణంగా కుదించబడి చేరుతుంది; అందరికీ పంపినాము గనుక భద్రమే అనుకోవడం కూడా పొరపాటే.

భారమంతా ప్రభుత్వంపై వేయడం మూడవది. ప్రభుత్వం చేయవలసినది చేస్తున్నది. 1993 నాటి ప్రభుత్వ రికార్డుల చట్టం, 2003లో ఆరంభమైన జాతీయ వ్రాతప్రతుల పథకం, పుణెలోని సి-డాక్ సంస్థలో నెలకొల్పిన డిజిటల్ పరిరక్షణ కేంద్రం అందుకు ఉదాహరణలు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 7వ సెక్షను చెప్పేది వినదగినది. ఎలక్ట్రానిక్ పత్రం తరువాత కూడా తెరచి ఉపయోగించుకొనేటట్లు ఉండాలి. మూలానికి భిన్నం కాని రూపంలో ఉండాలి. ఎక్కడ పుట్టినది, ఎక్కడికి చేరినది, ఏ తేదీన అన్న వివరాలు తెలియాలి. గేజి, సాక్షి అంకె, చీటీ అని రైల్వే భాషలో పైన చెప్పుకొన్నవి దాదాపు ఇవియే. కాని అమ్మమ్మ మంగళహారతిని ఏ శాఖయూ వచ్చి కాపాడదు. అది ఇంటివారి పని, సంఘాల పని, కళాశాల గ్రంథాలయాల పని.

ఇంటింటా చేయదగినది

పని పెద్దది కాదు. ముఖ్యమైన కాగితాలను మొదట ఏరుకోవాలి. అన్నిటినీ కాపాడబోతే ఏదియూ మిగలదు. ప్రతి పత్రానికి మూడు ప్రతులు ఉండాలి. అవి రెండు విధాల సాధనాలపై ఉండాలి. అందులో ఒకటి మరొక ఊరిలో ఉండాలి. బిలాస్‌పూర్‌లోని కుటుంబానికి విజయనగరంలోనో, పలాసలోనో బంధువులు ఉండనే ఉన్నారు. ఒక ప్రతి వారి వద్ద ఉంచితే చాలును. పత్రాలను పి.డి.ఎఫ్.-ఏ వంటి అందరూ ఎరిగిన ప్రమాణ రూపంలో ఉంచాలి. ఏడాదికొక దినం, సంక్రాంతి శుభ్రంలోనో, దసరా ఆయుధపూజ నాడో, అన్నిటినీ ఒకసారి తెరచి చూడాలి. ఐదేళ్ళకొకసారి కొత్త సాధనంలోనికి మార్చాలి. మూల కాగితాన్ని మాత్రం ఎన్నడూ పారవేయరాదు.

చీటీ వ్రాసేటప్పుడు ఇక్కడివారు మరొక సంగతి గమనించాలి. ఇక్కడ పుట్టి పెరిగిన మూడవతరం పిల్లలలో చాలామంది తెలుగు మాట్లాడగలరు కాని చదవలేరు. వారి చదువు హిందీలో, ఇంగ్లీషులో సాగినది. తాతగారు వ్రాసిన కార్డు వారి చేతిలోనే ఉంటుంది, కాని వారికి అది మూసిన పెట్టె. యంత్రం చదవలేకపోవడం ఒక నష్టం. మనిషి చదవలేకపోవడం అంతకు మించిన నష్టం. కనుక ప్రతి పత్రానికి తెలుగులోను, హిందీలోను రెండు పంక్తుల వివరం వ్రాయాలి. వీలైతే పెద్దవారి చేత ఆ ఉత్తరాన్ని చదివించి, వారి గొంతును కూడా నిలువ చేయాలి. పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పడం కూడా పరిరక్షణలో భాగమే. ‘తాతా, ఈ ఫోటోలో ఎవరు?’ అని మనుమరాలు అడిగేటప్పటికి తాత జవాబు చెప్పగల స్థితిలో ఉండగానే ఈ పని ముగియాలి.

కళాశాల గ్రంథాలయాలు ఇందుకు తోడ్పడవచ్చును. విద్యార్థులు ఒక్కొక్క కుటుంబానికి చెందిన పది పత్రాలకు చీటీలు వ్రాస్తే చాలును. తెలుగు కుటుంబాల పక్కనే బెంగాలీ, ఒడియా, మరాఠీ, బీహారీ కుటుంబాలు ఉన్నవి. వారి పెట్టెలలోను ఇట్టి కాగితాలే ఉన్నవి. ఆ కాగితాలన్నిటినీ ఒకచోట చేర్చి చదివితే ఒక్కొక్క భాషవారి కథ కాక, వారందరూ కలిసి నడిపిన రైల్వే కథ బయటపడుతుంది.

బిలాస్‌పూర్ స్టేషను ఒక గొప్ప కావ్యంలో స్థానం పొందినది. రవీంద్రనాథ్ ఠాగూర్ 1918లో ప్రచురించిన ‘పలాతకా’ సంపుటిలో ‘ఫాంకి’ అనే బెంగాలీ కవిత ఉన్నది. ఆ కవితను ఈ స్టేషనులో ప్రదర్శించారు కూడా. జబ్బుపడిన భార్యతో ప్రయాణిస్తున్న ఒక భర్త బండి మారడానికి ఇక్కడ గంటల తరబడి ఆగుతాడు. స్టేషను కూలీ భార్య రుక్మిణి తన కూతురి పెళ్ళికి సాయం అడుగుతుంది. పాతిక రూపాయలు ఇమ్మని భార్య కోరితే, అతడు రెండు రూపాయలు ఇచ్చి పంపివేసి, పూర్తిగా ఇచ్చినట్లే భార్యను నమ్మిస్తాడు. ఆమె మరణించిన తరువాత పశ్చాత్తాపంతో తిరిగి వచ్చి రుక్మిణి కోసం వెదుకుతాడు. స్టేషనులో ఎవరికీ ఆమె గుర్తు లేదు. ఎవరికి తోచిన దూరపు ఊరి పేరు వారు చెబుతారు. బాకీ తీర్చుకొనే దారి మూసుకొనిపోతుంది.

ఆ రుక్మిణి వంటి కూలీ కుటుంబాలు, గ్యాంగుమన్ల కుటుంబాలు ఈ పట్టణాన్ని నిలబెట్టినవి. వారిలో ఎందరి పేర్లు ఏ రిజిస్టరులోను చదవదగిన రీతిలో మిగిలి ఉన్నవో చెప్పలేము. వారి సంతతి నేడు చదువుకొని ఉన్నది. చేతిలో ఫోను ఉన్నది. ఇంట్లో రేకుపెట్టె ఉన్నది. పరిశీలించడం, సంభాళించడం, చెప్పి అప్పగించడం అనే మూడు పనులకు ఏ పట్టభద్రతయు అవసరం లేదు. పదవీ విరమణ నాడు రైల్వే ఉద్యోగి తన ఛార్జిని లెక్క ఒప్పజెప్పి సంతకం పెడతాడు. కుటుంబపు జ్ఞాపకాల ఛార్జి కూడా అదే క్రమంతో రాబోయే తరానికి అందాలి.